ఒరిగి లేచే పడవ

"గా పడవ బోల్తా పడితె ఎట్లనే?" అని అడిగింది మా అక్క.

దసరా సెలవులకు కల్హేర్ వెళ్ళినప్పటి మాట ఇది. అక్క కూతురు గురుకులంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అదీ సెలవులకు ఇంటికి వచ్చింది. నౌకాదళంలో చేరతానని నాలుగు నెలలుగా పట్టుబట్టి కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఫోన్‌లో ఒక ఫోటో తీసి వాళ్ళమ్మ ముందు పెట్టింది. నీలం నీళ్ళ మీద తెల్లని తెరచాపలతో, ఒక పక్కకు బాగా ఒరిగిపోయి వెళుతున్న పడవ. ఐఎన్‌ఎస్‌వీ తారిణి. దాని మీద ఆరుగురు ఆడవాళ్ళు భూమిని చుట్టి వచ్చారనీ, అందులో ఇద్దరు మనవాళ్ళేననీ, ఒకరిది విశాఖపట్నం, ఒకరిది హైదరాబాద్ అనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అక్క అదంతా వినలేదు. ఆమె చూపు పడవ ఒరిగిన తీరు మీదే ఆగిపోయింది.

"నువ్వన్న చెప్పు చెల్లె. గంత సదువుకున్నవు. సముద్రం సూస్తదట ఇది. మనకు నిజాంసాగర్ సూసుడే ఎక్కువ."

నాకు సాహిత్యంలో డాక్టరేటు ఉంది. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేశాను. గడప దాటడం గురించి గంటసేపు మాట్లాడమంటే కాగితం చూడకుండా మాట్లాడగలను. కానీ పడవ బోల్తా పడితే ఏమవుతుందన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "ఏం కాదులే అక్కా, వాళ్ళు ధైర్యవంతులు" అన్నాను. అన్న వెంటనే అది జవాబు కాదని నాకే తెలిసింది. అక్క అడిగింది పడవ గురించి. నేను చెప్పింది మనుషుల గురించి.

ఆ తప్పు దిద్దుకోవడానికి పడవల గురించి చదవడం మొదలుపెట్టాను. దూర సముద్రానికి పనికివచ్చే తెరచాప పడవను ఎలా ఎంచుకుంటారు? దేన్ని చూసి ఇది యోగ్యమైనదని అంటారు? మొదట్లో ఇది అక్కకు జవాబు చెప్పడానికే. చదువుతున్నకొద్దీ ఇది మనం చాలాకాలంగా తప్పించుకుంటున్న ఒక నైతిక ప్రశ్న అనిపించింది. ఒక ఆడపిల్లను వెళ్ళమని ప్రోత్సహించేటప్పుడు ఆమెకు మనం ఏం బాకీ పడతాం?

ముందు పడవ సంగతి చూద్దాం.

రేవులో కట్టేసి ఉన్న పడవను చూసి కొనేవాళ్ళకు నచ్చేవి కొన్ని ఉంటాయి. విశాలమైన లోపలి గది, పెద్ద పడక, పెద్ద కిటికీలు, వెలుతురు. అడుగు పెడితే కదలని నిలకడ. దూర సముద్రం తెలిసినవాళ్ళు దాదాపు వీటన్నిటినీ అనుమానంగా చూస్తారు. గది విశాలంగా ఉంటే అల తగిలినప్పుడు మనిషి ఈ గోడ నుంచి ఆ గోడకు ఎగిరిపడుతుంది. అందుకే దారి ఇరుకుగా ఉండాలి, ఎక్కడ చేయి చాపినా పట్టుకోవడానికి ఒక కడ్డీ దొరకాలి. పడక ఇరుకుగా, పక్కన చెక్కో గుడ్డో అడ్డం కట్టుకునేలా ఉండాలి. వంట చేసే మనిషి పొయ్యి మీద పడకుండా నడుముకు పట్టీ ఉండాలి. కిటికీలు చిన్నవై ఉండాలి. చుక్కాని పట్టే చోట నీళ్ళు నిండితే వెంటనే బయటికి పోయే తూములు ఉండాలి. తుఫాను కోసం వేరుగా చిన్న, దిట్టమైన తెరచాపలు ఉండాలి. ఒక పరికరం పాడైతే దాని పని చేయడానికి ఇంకొకటి ఉండాలి. మామూలు తీరిక ప్రయాణానికి సౌకర్యం అనిపించేది అక్కడ ప్రమాదం అవుతుంది.

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న నిలకడది. పడవకు నిలకడ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి వెడల్పు వల్ల వచ్చేది. వెడల్పుగా, తేలికగా, అడుగు చదునుగా ఉన్న పడవ చిన్న అలకు చలించదు. ఎక్కినవాళ్ళకు భద్రంగా అనిపిస్తుంది. రెండోది అడుగు బరువు వల్ల వచ్చేది. పడవ కింద రెక్కలా దిగే భాగాన్ని కీల్ అంటారు. అందులో సీసమో ఇనుమో పోస్తారు. దూరం వెళ్ళే చాలా పడవల్లో మొత్తం బరువులో మూడో వంతు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ, ఈ అడుగు బరువే. వెడల్పు తక్కువగా, అడుగు బరువు లోతుగా ఉన్న పడవ మామూలు గాలికే ఒరుగుతుంది. కొత్తవాళ్ళకు గుండె జారుతుంది. కానీ ఒరిగినకొద్దీ ఆ సీసం దాన్ని వెనక్కి లాగుతుంది.

అసలు తేడా ఇద్దరూ బోల్తా పడినప్పుడు తెలుస్తుంది. వెడల్పు పడవ నిటారుగా ఎంత నిలకడగా ఉంటుందో తలకిందులుగానూ దాదాపు అంతే నిలకడగా ఉంటుంది. తిరగబడితే అలాగే ఉండిపోతుంది. రెండోది లేస్తుంది. పడవ ఏ కోణం దాకా ఒరిగినా తిరిగి లేవగలదో లెక్క కట్టి చెప్పవచ్చు. 90 డిగ్రీలంటే తెరచాప స్తంభం నీళ్ళను తాకుతుంది. దూర సముద్రానికి వెళ్ళే పడవ ఆ తర్వాత కూడా, సుమారు 120 డిగ్రీల దాకా పోయినా, లేవాలని నిపుణులు కోరుకుంటారు. ఎందుకంటే విరిగే పెద్ద అల పక్క నుంచి తగిలితే బోల్తా పడని చిన్న పడవ అంటూ లేదు. కాబట్టి ఒరుగుతుందా లేదా అనేది వాళ్ళు అడిగే ప్రశ్న కాదు. ఒరిగాక లేస్తుందా అనేది ప్రశ్న.

ఈ జ్ఞానం ఊరికే రాలేదు. 1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల మధ్య జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయల్దేరాయి. తుఫానులో 15 మంది పందెగాళ్ళు చనిపోయారు. కొన్ని పడవలు తిరగబడి కొంతసేపు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాతే వెడల్పుకీ బరువుకీ ఉన్న సంబంధం మీద గట్టి అధ్యయనాలు జరిగాయి. అవి జరిగాక కూడా వేగం కోసం వెడల్పూ తేలికా పెంచుతూనే పోయారు. 1999 ఫిబ్రవరిలో ఫ్రెంచి నావికురాలు ఇజబెల్ ఓతిస్సియే ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పందెంలో ఉండగా దక్షిణ పసిఫిక్‌లో ఆమె పడవ తిరగబడింది. మళ్ళీ లేవలేదు. తలకిందులైన ఆ పడవలో ఆమె ఎదురుచూస్తూ ఉండిపోయింది. అదే పందెంలో ఉన్న ఇటలీ నావికుడు జొవాన్ని సొల్దీని దారి మళ్ళించుకుని వచ్చి ఆమెను కాపాడాడు. ఓతిస్సియే ఆ సముద్రాన్ని అంతకుముందే ఎరిగిన మనిషి, ఇంజనీరు, తర్వాత నవలలు కూడా రాసింది. ధైర్యమూ అనుభవమూ చదువూ అన్నీ ఉన్నాయి. తిరగబడ్డ పడవను అవేవీ లేపలేకపోయాయి.

ఇక తారిణి. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో కట్టారు. 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలోకి తీసుకున్నారు. పొడవు 55 అడుగుల పైచిలుకు. ఒడిశా గంజాం జిల్లాలోని తారాతారిణి దేవత పేరు పెట్టారు. ఓడల మీద వెళ్ళే వర్తకులూ నావికులూ కొలిచిన అమ్మవారు ఆమె. వర్తికా జోషి నాయకత్వంలో ప్రతిభా జమ్వాల్, పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరారు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ మీదుగా సుమారు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి 2018 మే 21న తిరిగి వచ్చారు. 254 రోజులు. జనవరిలో కేప్ హార్న్ దాటారు. తిరుగు ప్రయాణంలో చుక్కాని వ్యవస్థ పాడైతే మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు.

అప్పట్లో పత్రికలు వాళ్ళను ధీరవనితలన్నాయి. నిజమే. కానీ నాకు ఇప్పుడు ఎక్కువ ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి. తారిణి కొత్త ప్రయోగం కాదు. వాన్ డి స్టాట్ అనే డచ్ సంస్థ గీసిన నమూనా అది. అదే నమూనాతో అదే షిప్‌యార్డులో 2009లో మ్హాదెయి అనే పడవ కట్టారు. దాని మీద దిలీప్ దోందే 2009-10లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టాడు. అభిలాష్ టోమీ 2012-13లో ఎక్కడా ఆగకుండా చుట్టాడు. ఈ ఆరుగురూ మొదట శిక్షణ పొందింది కూడా మ్హాదెయి మీదే. అంటే వాళ్ళకిచ్చిన పడవ గుణం అప్పటికే దక్షిణ సముద్రాల్లో తేలిపోయింది. 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు మళ్ళీ అదే తారిణి మీద వెళ్ళి 2025 మేలో తిరిగి వచ్చారు. ధైర్యం మీద మనం రాసే వ్యాసాల్లో ఈ నమూనా, ఈ షిప్‌యార్డు, ఈ శిక్షణ, పోర్ట్ లూయిస్‌లో దొరికిన మరమ్మతు కనిపించవు. అవి నీళ్ళ కింద ఉంటాయి.

పడవను ఎంచుకునే హక్కు ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెం నియమాల ప్రకారం పాతకాలం నమూనా పడవలే వాడాలి, పొడవు 32 నుంచి 36 అడుగుల లోపే ఉండాలి. దక్షిణాఫ్రికా నావికురాలు కిర్స్టెన్ నాయ్‌షేఫర్ ఆ హద్దుల్లో తనకు సరిపోయేది వెతుక్కుని బరువైన, పొడవు కీల్ ఉన్న కేప్ జార్జ్ 36 తెచ్చుకుంది. బయల్దేరేముందు దాన్ని కెనడాలో నెలల తరబడి దగ్గరుండి బాగు చేయించింది, చాలా పని తన చేతులతోనే చేసింది. పందెం మధ్యలో ఫిన్లండు నావికుడి పడవ మునిగిపోతే దారి మళ్ళి వెళ్ళి అతన్ని రక్షించింది. 2023 ఏప్రిల్‌లో మొదటి స్థానంలో తిరిగి వచ్చింది. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పందెం గెలిచిన మొదటి స్త్రీ ఆమె. ఆ గెలుపులో సగం రేవులోనే జరిగిందని నా నమ్మకం.

చాలామంది ఆడవాళ్ళకు ఆ వీలు ఉండదు. పడవ ముందే ఉంటుంది. దానికి తను తగునా అన్న పరీక్ష మాత్రం ఆమెకు పెడతారు. మన నౌకాదళంలోకి అధికారులుగా స్త్రీలను తీసుకోవడం 1990ల మొదట్లో ప్రారంభమైంది. వాళ్ళకు శాశ్వత నియామకం ఇవ్వాలా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రష్యా నుంచి వచ్చిన కొన్ని నౌకల్లో ఆడవాళ్ళకు స్నానాల గదులు లేవు కాబట్టి వాళ్ళను సముద్ర విధుల్లోకి పంపలేమన్నది ప్రభుత్వం చేసిన వాదనల్లో ఒకటి. 2020 మార్చి 17న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన నిర్మాణం చూడండి. నౌక కట్టినవాళ్ళు ఒక గది మరిచిపోయారు. అది నౌక లోపం కావాలి. కానీ అది ఆడవాళ్ళ అయోగ్యతగా నమోదైంది. మనం పనిచేసే విశ్వవిద్యాలయాల్లో, ఆఫీసుల్లో, ఇళ్ళలో ఈ లెక్క ఎన్నిసార్లు ఇలాగే రాశారో ఒకసారి గుర్తుచేసుకుంటే చాలు.

ఇక్కడ నన్ను నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ నలభై యాభై ఏళ్ళలో తెలుగులో స్త్రీల రచన గడప గురించి చాలా రాసింది. ఎందుకు దాటాలో, ఎవరు దాటనివ్వరో, దాటిన రోజు ఆకాశం ఎలా కనిపించిందో రాశాం. నేను తరగతిలో చెప్పేదీ అదే. దేని మీద ఎక్కి వెళ్ళాలో, అది తిరగబడితే ఏం చేయాలో అంతగా రాయలేదు. కథ చాలాసార్లు తలుపు దగ్గరే అయిపోతుంది. తర్వాతి నెల ఇంటి అద్దె ఎవరు కట్టారు? జ్వరం వస్తే అన్నం ఎవరు పెట్టారు? ఉద్యోగం పోతే ఏ ఊరికి తిరిగి వచ్చింది? ఇవి సాహిత్య విషయాలు కావని మనకు ఎవరో నేర్పారు. బయల్దేరడం ధైర్యానికి సంబంధించినదనీ, పడవ సామాన్లకు సంబంధించినదనీ అనుకున్నాం.

నా సంగతే చెబుతాను. పరిశోధన నాలుగో ఏడు. ఫెలోషిప్పు గడువు తీరింది. సంతకం కావాల్సిన కాగితం ఒక బల్ల మీద నెలల తరబడి ఉండిపోయింది. హాస్టల్ గది ఖాళీ చేయమన్నారు. పెట్టె సర్దుకుని కల్హేర్ వచ్చేశాను. ఇంట్లో అప్పటికే ఒక సంబంధం మాట్లాడి ఉంచారు. చదువు మానేస్తానని అక్కకే మొదట చెప్పాను. అక్క ఏమీ అనలేదు. రెండు రోజులు పోయాక నారాయణఖేడ్ వెళ్ళి వచ్చి నా చేతిలో డబ్బు పెట్టింది. తన మెడలోని బంగారు గుండ్లు అమ్మింది. "వొయ్యి సదువు పో. ఈడుండి ఏం జేస్తవు" అంది. నాయినతో, బంధువులతో తనే మాట్లాడింది. నేను వెళ్ళిపోయాను. ఏడాదిన్నర తర్వాత డాక్టరేటు వచ్చింది.

ఆ ఏడాదిన్నర గురించి నేను చాలా వేదికల మీద చెప్పాను. ఎలా పట్టుదలగా నిలబడ్డానో చెప్పాను. సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో పర్యవేక్షకుడికీ గ్రంథాలయానికీ స్నేహితులకూ కృతజ్ఞతలు రాసి, చివరి వాక్యంలో అక్కకు ఆమె ప్రేమకు కృతజ్ఞత చెప్పాను. గుండ్ల గురించి రాయలేదు. అవి ఎన్ని తులాలో ఈనాటికీ నాకు తెలియదు. పడవల గురించి చదువుతూ కీల్ దగ్గరికి వచ్చినప్పుడు పుస్తకం మూసేయాల్సి వచ్చింది. నేను ఒరిగి లేచింది నా ధైర్యం వల్ల కాదు. నా కింద ఒక బరువు ఉంది. అది మా అక్క.

ఇక్కడితో ఆపితే ఇది అక్క త్యాగం మీద వ్యాసం అయిపోతుంది. అలాంటివి మన దగ్గర చాలానే ఉన్నాయి. నాకు ఇబ్బంది కలిగిస్తున్నది వేరే. సీసం ఎప్పుడూ నీళ్ళ కిందే ఉంటుంది. పడవ లేచినప్పుడల్లా అది ఇంకా కిందికి లాగుతూ ఉండాలి. ఒక ఆడమనిషి తేలడానికి ఇంకో ఆడమనిషి మునిగి ఉండాల్సి రావడం న్యాయమా? అక్క పదో తరగతితో ఆగింది. ఆమె కూడా చదువుతానని ఏడ్చిన సంగతి నాకు గుర్తుంది. ఇంట్లో ఒకరికే దారి ఉందన్నప్పుడు ఆ ఒకరు నేనయ్యాను. అడుగు బరువు ఒక మనిషి కాకూడదు. అది పడవ కట్టినవాళ్ళు పోయాల్సిన సీసం. ఫెలోషిప్పు ఆగినప్పుడు నన్ను లేపాల్సింది నన్ను చేర్చుకున్న సంస్థ. ఆ బరువు అది మోయలేదు కాబట్టి అక్క మెడ మోసింది.

ఇది మరీ ఆధునికమైన కోరిక కూడా కాదు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. అలా చేయమనీ, నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ ఆ శాసనం సముద్ర వర్తకులకు మాట ఇచ్చింది. వర్తకం పెరగాలన్న స్వార్థం అందులో ఉండే ఉంటుంది. అయినా ఒక విషయం ఒప్పుకుంది. ఓడ తిరగబడటం నావికుడి నేరం కాదు, తిరగబడ్డవాడికి ఒడ్డున ఏం జరుగుతుందన్నది పాలించేవాళ్ళ బాధ్యత. ఆ మాట వర్తకులకు దక్కింది. ఇల్లు వదిలి వెళ్ళిన ఆడవాళ్ళకు ఏ శాసనం అభయమిచ్చింది? తిరిగి వస్తే మిగిలిన సరుకు కూడా గుంజుకోవడమే ఇప్పటికీ చాలా ఇళ్ళలో రివాజు.

భద్రత గురించి మన ఇళ్ళలో ఎప్పుడు అడుగుతారో కూడా చూడాలి. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ళ నుంచి చెరుకు నరకడానికి కుటుంబాలు వలస పోతాయి. ఆడవాళ్ళు పసిపిల్లలనెత్తుకుని, గిన్నెలు మూటగట్టుకుని లారీలెక్కుతారు. చెరుకు తోటల పక్కన గుడిసెల్లో నెలల తరబడి ఉంటారు. ఆ లారీ భద్రమేనా అని ఊరి పెద్దలు కూర్చుని చర్చించగా నేను చూడలేదు. మా మేనకోడలు తనంతట తాను ఒకటి ఎంచుకోగానే బావగారి తరఫు వాళ్ళందరికీ ఆడపిల్ల భద్రత గుర్తొచ్చింది. కాబట్టి ఆ మాట వినగానే నాకు కోపం రావడం సహజం. కానీ అక్క అడిగింది ఆ ప్రశ్న కాదు. వాళ్ళు పోవద్దనడానికి అడిగారు. అక్క తెలుసుకోవడానికి అడిగింది. నేను రెండిటినీ ఒకే గాటన కట్టి "ధైర్యం" అని కొట్టిపారేశాను.

ఇవన్నీ చదువుకున్నాక డిసెంబరులో మళ్ళీ కల్హేర్ వెళ్ళాను. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ముందు రెండు రకాల పడవల బొమ్మలు గీసి అక్కకు చూపించాను. ఒరగనిది, ఒరిగి లేచేది. అక్క చాలాసేపు చూసింది.

"ఇది ఒరగకపాయె గని, తిర్గవడితె ఇగ లేవదు. గదేనా?"

"గదే."

"మా ఆయినె దిక్కోల్లు తెచ్చిన సంబంధం గిట్లనే ఉన్నది" అని నవ్వింది. ఇల్లుంది, పొలం ఉంది, ఊళ్ళోనే ఉంటుంది, కదలదు. అంతకంటే బాగా నేను ఆ సిద్ధాంతాన్ని చెప్పలేను.

తర్వాత అసలు పని. పిల్ల ఎక్కుతానంటున్న పడవను చూశాం. అది చూపించిన తారిణి మీద వెళ్ళినవాళ్ళు అధికారులు. అది దరఖాస్తు పెడతానంటున్నది అగ్నివీర్‌గా. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కిందే నౌకాదళంలో నావికులుగా ఆడపిల్లలను తీసుకోవడం మొదలైంది. ప్రకటించిన నిబంధనల ప్రకారం నాలుగేళ్ళు ఉద్యోగం. తర్వాత నూటికి 25 మందిని మించకుండా ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు సుమారు 11.71 లక్షల సేవానిధి ఇచ్చి పంపేస్తారు. పెన్షన్ లేదు. ఆ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు. ఈ చివరి షరతు వినగానే పిల్ల చప్పట్లు కొట్టింది. నాలుగేళ్ళు ఎవరూ సంబంధాలు తేలేరు కదా అంది. సర్కారు నిబంధన ఆడపిల్లకు ఇంట్లో ఇంత అండ అవుతుందని దాన్ని రాసినవాళ్ళు ఊహించి ఉండరు.

కానీ నాలుగేళ్ళ తర్వాత? ఇరవై రెండేళ్ళ వయసులో, డిగ్రీ లేకుండా, కొంత డబ్బుతో కల్హేర్ తిరిగి వస్తే ఆ పడవ లేస్తుందా? ఆ డబ్బు ఎవరి చేతిలోకి పోతుంది? అది అడిగింది కూడా అక్కే. పిల్ల ముఖం చిన్నబోయింది. నేను ఇంకో కాగితం తీశాను. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష 2021 నుంచి ఆడపిల్లలు కూడా రాస్తున్నారు. 17 మంది ఆడపిల్లలు 2025 మేలో అక్కడి నుంచి డిగ్రీతో బయటికి వచ్చారు. కష్టమైన పరీక్ష, సీట్లు తక్కువ. తగలకపోతే డిగ్రీ చేసి అధికారిగా చేరే దారి ఉంది. అది ఆలస్యం, ఖర్చు. మొదటిది తేలికైన పడవ, తొందరగా నీళ్ళలోకి దిగుతుంది. మిగతావి బరువైనవి, కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఇందులో ఏది యోగ్యమైనది? ఇంట్లో డబ్బుందా, చదువు చెప్పేవాళ్ళున్నారా, పెళ్ళి ఒత్తిడిని ఎంతకాలం ఆపగలం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. తొందరగా బయటపడాల్సిన పిల్లకు తేలికైన పడవ తప్పు అని నేను అనలేను. తిరిగి లేపే ఏర్పాటు లేకుండా దాన్ని నీళ్ళలోకి దింపినవాళ్ళను మాత్రం అడుగుతాను.

"చిన్నమ్మా, ఇంతకూ పొమ్మంటున్నవా వద్దంటున్నవా?" అంది పిల్ల.

నేను జవాబు చెప్పలేదు. ఇదివరకైతే వెంటనే పొమ్మనేదాన్ని. వెళ్ళాలన్న నిర్ణయం దానిది, అది ఎప్పుడో అయిపోయింది. నేను చేయగలిగింది పడవను పరీక్షించడంలో దాని పక్కన ఉండటం. నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకున్నాం. ఇది ఎంతదాకా ఒరిగినా లేస్తుంది? లోపల పట్టుకోవడానికి ఏమున్నాయి? అడుగు బరువు ఎవరు?

మొదటి రెండిటికీ పిల్ల కాగితాలు చూసి, ఫోన్లు చేసి జవాబులు రాసుకుంటోంది. అగ్నివీర్ ఒక వరుసలో, అకాడమీ ఒక వరుసలో, డిగ్రీ ఒక వరుసలో. మూడో ప్రశ్న దగ్గర ఏ వరుసలోనూ రాయడానికి దానికి ఏమీ దొరకలేదు. కాసేపు కలం నములుతూ కూర్చుని "అమ్మ" అని రాసింది. అక్క దాన్ని చదివించుకుని విన్నది.

"నన్ను రాయకు బిడ్డా. ఒకసారి అయింది. ఇగ నా దగ్గెర గుండ్లు లెవ్వు" అంది.

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అంది. పిల్ల ఆ మాట కొట్టేసింది. ఆ గడి ఇప్పటికీ ఖాళీగా ఉంది. వచ్చే సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్కడ నా పేరు రాయమంటాను. నా జీతంలోంచి ఎంత, ఎన్నేళ్ళు అన్నది కూడా రాసుకుంటాం. కానీ నా పేరు రాసినంతమాత్రాన ప్రశ్న తీరదని తెలుసు. ఒక మనిషి స్థానంలో ఇంకో మనిషి వచ్చిందంతే. ఆ గడిలో మనిషి పేరు కాకుండా ఇంకేం రాయగలిగే రోజు వస్తుందో, అందుకు మనం పనిచేసే చోట్ల ఏం అడగాలో, ఇది చదువుతున్నవాళ్ళు కూడా ఆలోచించాలని కోరుకుంటున్నాను.